అత్తమ్మ కాయం, బసవరాజు పుస్తకం



ఈ వారం పచ్చళ్ళ జాడీలకు బూజు పట్టకుండా ఏం చేయాలో రాస్తానని మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను, ఏమనుకోకండి. మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అది మీతో చెప్పుకుంటే గాని నా మనసు కుదుటపడదు. పైగా అది రేపు మీ ఇంట్లోనూ జరగవచ్చు. అందుకని జాడీల మాట పై వారానికి వాయిదా వేశాను.

మా అమ్మాయిని మొదటి కాన్పుకు ధర్మపురికి తీసుకొచ్చుకున్నాం. ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. సరే, బాలింత ఇంట్లో ఉన్నాక కాయం చేయాలి కదా. మా వైపు కాయం తినని బాలింత ఉండదు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, మోడి, ఓమ, ఎల్లిగడ్డ, పసుపు, పాత బెల్లం, నెయ్యి వేసి ముద్ద చేసి పొద్దున్నే పరగడుపున రేగుపండంత పెడతారు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడూ మా అత్తమ్మ చేసిపెట్టింది. మా వాడకట్టులో ఎవరు కన్నా కాయం ఆమె చేతిదే. "అక్కా, జర మా కోడలికి చేసియ్యవా" అని గిన్నె పట్టుకుని వచ్చేవారు.

అత్తమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆమె చేస్తుంటే పక్కన కూర్చుని దంచింది నేనే, జల్లించింది నేనే. ఇంకేం, నాకు రాకపోవడమేమిటి అనుకున్నాను. అన్నీ తెప్పించాను. ఆమె పిడికిలితో తీసేది. నేనూ పిడికిలితోనే తీశాను. ముద్ద చేసి అమ్మాయికి పెట్టాను.

మూడో రోజుకు పిల్ల నోరంతా పూసింది. కడుపులో మంట. నాలుగో రోజు విరేచనాలు పట్టుకున్నాయి. పాలిచ్చే పిల్ల, ఒళ్ళు వేలాడేసింది. ఆటో పిలిచి ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ చూసి, ఉప్పూ చక్కెరా కలిసిన పొట్లాం ద్రవం తాగించి, మందులిచ్చింది. భయపడాల్సిందేమీ లేదంది. తిట్టనూ లేదు. ఒక్క మాట మాత్రం అడిగింది.

"ఏమేం వేశారమ్మా? ఏది ఎంత వేశారు?"

ఏమేం వేశానో గడగడా చెప్పాను. ఎంత వేశానో చెప్పలేకపోయాను. "పిడికెడు" అన్నాను. ఆమె కలం పట్టుకుని రాయబోయి ఆగిపోయింది. పిడికెడు అంటే ఆమె మాత్రం ఏమని రాస్తుంది?

అమ్మాయి మూడు రోజుల్లో తేరుకుంది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నలభై ఏళ్ళు ఒక వాడకట్టు మొత్తానికి కాయం చేసిన మనిషి విద్య, ఆమెతోపాటే గోదావరి ఒడ్డున బూడిదైపోయిందన్నమాట. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో పెరటి చెట్టు మందుకు పనికొచ్చింది, కాని చెట్టు పడిపోయేదాకా ఏ ఆకు ఎంత కోయాలో నేను అడగలేదు.

మా వీధిలో రిటైరైన తెలుగు సారు ఒకరున్నారు. పాత పుస్తకాలంటే ప్రాణం. ఆయన దగ్గరేమైనా కాయం గురించి ఉంటుందేమోనని వెళ్ళాను. అంతా విని, లోపలికి పోయి అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. దారంతో కట్టి ఉంది. పేరు 'బసవరాజీయం'.

"ఇందులో మీ ఇంటి కాయం కోసం వెతకకమ్మా. రాసిన పద్ధతి చూడు చాలు" అన్నారు.

మీలో ఎంతమంది ఈ పేరు విన్నారో నాకు తెలియదు. నేనైతే వినలేదు. చరకుడు, సుశ్రుతుడు అంటే బళ్ళో చదువుకున్నాం. ధన్వంతరి అంటే క్యాలెండరులో బొమ్మ చూశాం. బసవరాజు అనే మన తెలుగు వైద్యుడొకడు ఇంత పుస్తకం రాసి పెట్టాడని మనకెవరూ చెప్పలేదు. ఇంటర్ దాకా చదివాను, ఏ పాఠంలోనూ ఆ పేరు లేదు.

ఆయనది కొట్టూరు అనే గ్రామం. అందుకే కొట్టూరు బసవరాజు అంటారు. నీలకంఠ అనేది పేరు ముందు వస్తుంది. తండ్రి పేరు నమశ్శివాయ. శివభక్తులు, వీరశైవులు. ఆయన కాలం కాకతీయుల నాటిదని కొందరు పండితులంటారు, కాదు ఆ తర్వాతి శతాబ్దాలదని మరికొందరంటారు. ఎంత తగ్గించి లెక్కవేసినా వందల ఏళ్ళ నాటి మాట. పుస్తకంలో ఇరవై అయిదు ప్రకరణాలున్నాయి. నాడి ఎలా చూడాలి అన్న దగ్గర మొదలవుతుంది. జ్వరాలు, సన్నిపాతాలు, క్షయ, కామెర్లు, ఇలా రోగం తర్వాత రోగం, లక్షణం తర్వాత మందు చెప్పుకుంటూ పోతాడు.

నన్ను ఆకట్టుకున్న సంగతి వేరే ఉంది. ఆ రోజుల్లో వైద్యం రాయాలంటే సంస్కృతంలోనే రాయాలి. ఆయనా సంస్కృత శ్లోకాల్లోనే రాశాడు. కాని మధ్య మధ్య తెలుగు కలిపాడు. పండితుడి కోసం సంస్కృతం, మందు నూరేవాడి కోసం తెలుగు అన్నమాట. సారు వేలు పెట్టి చూపిస్తుంటే నేనే కొన్ని మూలికల పేర్లు కూడబలుక్కుని చదివాను. కొన్ని మా పెరట్లోవే!

ఆయనకు గర్వమూ తక్కువేమీ కాదు. కృతయుగానికి చరకుడు ఎలాగో, కలియుగానికి ఈ బసవడు అలాగ అనే అర్థం వచ్చేట్టు ఒక శ్లోకం పెట్టుకున్నాడు. సారు చదివి చెబితే నాకు నవ్వొచ్చింది. మన ఆడవాళ్ళం మంచి చారు కాచి కూడా "ఏదో, నాకొచ్చినట్టు చేశాను" అంటాం కదా. ఆయన అలా అనలేదు.

గర్వమున్నా, వేరొకరి మందును తనదని చెప్పుకోలేదు. ఇది ఫలానావారు చెప్పిన యోగం అని పేరు పెట్టి రాశాడు. తాను వీరశైవుడై ఉండి కూడా, జైన పండితుడు పూజ్యపాదుడు చెప్పిన మందులను ఆ పేరుతోనే చేర్చాడు. మంచి మందు ఎవరి ఇంట్లో ఉన్నా మందే కదా.

శైవులకూ వైద్యానికీ మన దేశంలో పాత చుట్టరికమే ఉంది. కాకతి రుద్రమదేవి కాలం నాటి మల్కాపురం శాసనం ఒకటుంది. గుంటూరు వైపు, కృష్ణ ఒడ్డున దొరికింది. 1261 సంవత్సరం నాటిది. విశ్వేశ్వర శివాచార్యుడనే శైవ గురువుకు ఇచ్చిన ఊళ్ళ ఆదాయంలో కొంత ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ ఖర్చుపెట్టాలని అందులో చెక్కించారు. ప్రసూతిశాల అంటే కాన్పుల ఆసుపత్రి. ఏడు వందల అరవై ఏళ్ళ కిందట, ఒక ఆడది రాజ్యమేలుతున్న రోజుల్లో, బాలింతల కోసం ఇంత ఆదాయం అని రాతి మీద రాయించారు. అక్కడ బాలింతలకు ఏం పెట్టేవారో, ఏ మంత్రసాని చేతి కాయమో, అది మాత్రం ఎవరూ రాయలేదు. వండిపెట్టిన వాళ్ళ చేతిలో కలం లేదు మరి.

సరే, పద్ధతి చూడమన్నారు కదా సారు. చూశాను. ఈ పాత వైద్య గ్రంథాలలో ప్రతి మందుకూ ఒక వరస ఉంటుంది. మొదట ఏ వస్తువులు. తర్వాత ఏది ఎంత. తర్వాత దేని రసంతో నూరాలి, ఎంతసేపు. తర్వాత మాత్ర ఎంత సైజు, గురిగింజంతా, శనగగింజంతా. తర్వాత అనుపానం, అంటే దేనితో కలిపి పుచ్చుకోవాలి, తేనెతోనా, నేతితోనా, అల్లం రసంతోనా. చివరికి పథ్యం, ఏం తినాలి, ఏం తినకూడదు. మన వంటల పేజీలో "కావలసిన పదార్థాలు, తయారుచేసే విధానం" అని వేస్తారే, అచ్చం అలాగే. వందల ఏళ్ళ కిందటి ఆయనకు ఆ శ్రద్ధ ఉంది. పత్రికలో వంటలు చదివి కత్తిరించి దాచుకునే నాకు, అత్తమ్మ కాయం దగ్గర ఆ శ్రద్ధ లేకపోయింది.

ఆ శ్రద్ధ వల్లే ఆ పుస్తకం బతికింది. తాటాకుల మీద నుంచి అచ్చుకెక్కింది. 1930లో గోవర్ధన శర్మ ఛాంగాణి అనే పండితుడు నాగపూరులో దేవనాగరి లిపిలో అచ్చు వేయించాడు. తెలుగు రాని వైద్యులకు కూడా అందింది. మన దేశంలో మందుల మీద 1940 నాటి చట్టం ఒకటుంది. ఆయుర్వేద మందు తయారుచేసేవారికి ఏయే గ్రంథాలు ఆధారమో ఆ చట్టానికి మొదటి షెడ్యూలులో జాబితా ఇచ్చారు. చరక సంహిత, సుశ్రుత సంహితల సరసన బసవరాజీయం పేరూ ఉంది. మన తెలుగు దేశంలోనే పుట్టిన వైద్య చింతామణి పేరూ ఉంది. మందుల షాపులో ఆయుర్వేద సీసా మీద ఫలానా గ్రంథం ప్రకారం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఈసారి చదివి చూడండి.

మా ధర్మపురినే చూడండి. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి మా ఊరాయనే. గోదావరి ఒడ్డున ఆయనలాగే పాడి పరవశించిన భక్తులు ఎందరుండి ఉంటారు! ఆయన రాశాడు గనుక మా నరసింహస్వామి పేరు ఊరూరా బడి పిల్లల నోట పలికింది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, చెల్లెళ్ళూ. కొలత రాసి ఉన్నా, ఆ కొలత ఏమిటో తెలియాలి. సారు ఇంట్లో కాగితం మీద లెక్క వేశాం. పాత తులం అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారం కొట్టులో తులం అంటే 10 గ్రాములు. పలం అంటే అంగట్లో మూడు తులాలు, సుమారు 35 గ్రాములు. అదే ఆయుర్వేద గ్రంథాల పలం అయితే ఇప్పటి లెక్కలో 48 గ్రాములు. సేరు అంటే కొన్నిచోట్ల 24 తులాలు, అంటే 280 గ్రాములు. మరికొన్నిచోట్ల పక్కా సేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు! ఒకే మాట, మూడు రెట్లకు పైగా తేడా. మీ అమ్మమ్మ "సేరు నెయ్యి" అని చెబితే, ఆమె ఏ ఊరి సేరు చెప్పిందో అడగాలి.

ఒక్క చిన్న మాట ఎంత పని చేస్తుందో సారు ఇంకో కథ చెప్పారు. ఇది చైనాది. క్రీస్తుశకం నాలుగో శతాబ్దంలో గె హాంగ్ అనే వైద్యుడుండేవాడు. పెద్ద పెద్ద గ్రంథాలు బీదవాళ్ళకు అందవని, ఆపదలో అక్కరకు వచ్చే మందులతో చేతి పుస్తకం ఒకటి రాశాడు. అంగీ చేతిలో దాచుకుని తీసుకుపోయేంత చిన్నదని దాని పేరుకు అర్థమట. అందులో చలిజ్వరానికి చింఘావ్ అనే చెట్టు మందు చెప్పాడు. మన మాచిపత్రి జాతి చెట్టే. మనవాళ్ళయితే ఏమంటాం? కషాయం కాచమంటాం. ఆయన కాచమనలేదు. గుప్పెడు ఆకును ఇన్ని నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు.

పదహారు వందల ఏళ్ళు గడిచాయి. 1967లో చైనా ప్రభుత్వం మలేరియాకు కొత్త మందు వెతకమని శాస్త్రవేత్తలను నియమించింది. 1969లో తూ యూయూ అనే ఆవిడ అందులో చేరింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. పాత పుస్తకాలన్నీ తిరగేసింది, ఊళ్ళలో వైద్యులను అడిగి రాసుకుంది. ఈ చెట్టు రసాన్ని పరీక్షిస్తే ఒకసారి పనిచేస్తుంది, మరోసారి చేయదు. మళ్ళీ గె హాంగ్ పుస్తకం తీసి చదివింది. నానబెట్టి పిండమన్నాడు, కాచమనలేదే! వేడికి మందు గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథరుతో సారం తీసింది. 1971లో అది పనిచేసింది. జనానికి ఇచ్చే ముందు తానూ, తనతోటి వాళ్ళూ మింగి చూసుకున్నారు. దాని నుంచి వచ్చిన ఆర్టెమిసినిన్ మందు లక్షల ప్రాణాలు నిలిపింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ కథలో నాకు రెండు సంగతులు కనిపించాయి. గె హాంగ్ ఆ ఒక్క మాట రాయకపోతే ఆమెకు దారి దొరికేది కాదు. ఆమె పరీక్ష చేయకుండా ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని ఊరుకుంటే మందు వచ్చేది కాదు. అందరూ ఇంట్లో ఆ ఆకు రసం తాగితే మలేరియా పోతుందని మాత్రం అనుకోకండి. ఇప్పటి మందు కొలత ప్రకారం చేసిన మాత్ర. మలేరియా అనిపిస్తే రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు ఇచ్చిన మాత్రలు పూర్తిగా మింగాల్సిందే.

బసవరాజు గురించీ ఇదే మాట. పుస్తకం గొప్పదని, తీసి వంటింట్లో మందులు నూరకండి. ఆయన చెప్పినవాటిలో పాదరసం, గంధకం, లోహ భస్మాలతో చేసేవి చాలా ఉన్నాయి. శుద్ధి తెలిసినవాళ్ళు చేయాలి, వైద్యుడు చూసి ఇవ్వాలి. మన దేశంలో ఔషధ నిబంధనలలో విషపు దినుసుల పట్టిక వేరే ఉంది. అవి కలిసిన ఆయుర్వేద మందును డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద రాయాలి. ఆ పట్టికలో ఏమున్నాయో తెలుసా? జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు, గురిగింజ, నల్లజీడి, నేపాళపు గింజ, ముష్టి గింజ, నాభి. సగం మన దొడ్లోనూ బాట పక్కనా పెరిగేవే! చెట్టు మందే కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళు ఈ పట్టిక గుర్తుపెట్టుకోవాలి.

పసిపిల్లల సంగతి అంతకంటే జాగ్రత్త. మా అత్తమ్మ అన్నీ మంచివే చేసిందని నేను చెప్పను. పిల్లలకు మాటలు తొందరగా వస్తాయని వస కొమ్ము అరగదీసి నాకించేది. అందుకే ఎక్కువ మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం కదా. తేనె కూడా నాకించేది. ఈసారి నేను ఆ రెండూ చేయలేదు. ఆరు నెలలు నిండేదాకా పిల్లకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు. ఏడాది నిండకుండా తేనె అసలే వద్దు, చిన్నపిల్లలకు దానివల్ల ప్రాణం మీదికి రావచ్చు. బాలింతకు దాహమైనా నీళ్ళు పోయొద్దనేది మా పాతవాళ్ళ పట్టింపు. అదీ పక్కన పెట్టాను. పాలిచ్చే తల్లి నీళ్ళు తాగాలి. పెద్దవాళ్ళ మీద గౌరవం ఉంటే వాళ్ళు చెప్పింది రాసుకుందాం. వాడేముందు డాక్టరును అడుగుదాం. రాయడం వేరు, వాడడం వేరు.

మరి ఎలా రాయాలి? సారుతో కూర్చుని నేను తయారుచేసుకున్న పద్ధతి ఇది. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు.

ఒకటి, ఎవరు చెప్పారో పేరు, ఊరు, తేదీ రాయండి. బసవరాజు కూడా పేరు చెప్పే రాశాడు.

రెండు, వస్తువు పేరు ఇంట్లో పిలిచేది, అంగట్లో అడిగేది రెండూ రాయండి. మేము ఓమ అంటాం, మీరు వాము అంటారు. చెట్టయితే ఒక ఆకు ఎండబెట్టి పేజీకి అతికించండి.

మూడు, కొలత గ్రాముల్లో రాయండి. పెద్దవాళ్ళ చేతనే పిడికెడు తీయించి, దాన్ని త్రాసులో తూచండి.

నాలుగు, చేసే విధానంలో ఏ చిన్న మాటా వదలకండి. వేయించాలా, పచ్చిదేనా, నానబెట్టాలా, కాచాలా, నీడన ఎండబెట్టాలా, ఎండలోనా.

అయిదు, ఎవరికి, ఎప్పుడు, ఎన్ని రోజులు, ఎవరికి వద్దు.

ఆరు, ఎడమ పక్క పేజీ ఖాళీగా వదలండి. డాక్టరు చెప్పిన మాట ఆ పక్కన రాయడానికి.

మచ్చుకు నేను మొదటి పేజీలో రాసుకున్నది ఇస్తున్నాను. మందు కాదు, అన్నంలోకి శొంఠికారం. మా అమ్మ చెప్పింది. శొంఠి 50 గ్రాములు, జీలకర్ర 10 గ్రాములు, ఉప్పు ఒక చిన్న చెంచా, నెయ్యి రెండు చిన్న చెంచాలు. శొంఠిని రోట్లో కచ్చాపచ్చాగా చితక్కొట్టి, సన్న సెగ మీద నేతిలో నాలుగు నిమిషాలు వేయించాలి. రంగు మారకూడదు, వాసన రావాలి. దించే ముందు జీలకర్ర వేసి ఒక తిప్పు తిప్పాలి. చల్లారాక ఉప్పు కలిపి మెత్తగా దంచి జల్లించాలి. వేడి అన్నంలో మొదటి ముద్దకు అర చెంచా పొడి, ఒక చెంచా నెయ్యి. తడి తగలని సీసాలో నెల రోజులు ఉంటుంది. కడుపులో పుండు, మంట ఉన్నవాళ్ళకు వద్దు.

ఇలాంటి పాత నోటుబుక్కు, తాటాకులు మీ అటక మీద ఉంటే చెదలకు వదిలేయకండి, పాతపేపర్లవాడికి వేయకండి. హైదరాబాదు గడ్డిఅన్నారంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ మెడికల్ హెరిటేజ్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. పాత వైద్య గ్రంథాల పని అక్కడ జరుగుతుంది. మాకు దగ్గరలో అయితే వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. పడేసే ముందు ఒకసారి చదువుకున్నవాళ్ళకు చూపించండి.

ఇంక నా కాయం సంగతి. పోయిన ఆదివారం కోరుట్లలో ఉన్న మా చిన్నత్తమ్మ దగ్గరికి వెళ్ళాను. అత్తమ్మ చెల్లెలు. ఎనభై దాటాయి. చూపు తగ్గింది, మాట గట్టిగానే ఉంది. నోటుబుక్కు, కిరాణా కొట్టు నుంచి అడిగి తెచ్చిన చిన్న త్రాసు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"గిప్పుడు యాదికొచ్చిందా బిడ్డా నీకు" అంది. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే.

మిరియాలు పిడికెడు తీయమన్నాను. తీసింది. తూచాను, 28 గ్రాములు. నా పిడికిలితో తీసి తూచాను, 41 గ్రాములు. మా అత్తమ్మ చెయ్యి చిన్నత్తమ్మ చెయ్యి కంటే కూడా చిన్నది. గాజులు పిల్లల సైజువి కొనేది. చూశారా, తప్పు ఎక్కడ జరిగిందో! ఆమె పిడికెడును నా పిడికెడుతో కొలిచాను. అంతే కాదు, "మిరియాలు నేతిల చిటపట ఆగిందాక ఏంచాలె, పచ్చియి దంచితె కడుపుల కాల్తది" అంది చిన్నత్తమ్మ. నేను వేయించనే లేదు. అత్తమ్మ వేయించే వేళకు నేను బయట శొంఠి దంచుతూ ఉండేదాన్ని, చూడలేదు.

అన్నీ రాశాను. తొమ్మిది వస్తువులూ గ్రాములతో సహా. చివరికి చిన్నత్తమ్మ నుదురు రుద్దుకుంది. "ఇంకో ఏరు ఏస్తుండె మా అక్క. నల్లగ, సన్నగ ఉండేది. పేరు నాలిక మీదనే ఉన్నది బిడ్డా, వస్తలేదు" అంది. గంటసేపు కూర్చున్నాను. రాలేదు.

ఆ పేజీలో పదో నంబరు వేసి పక్కన ఖాళీ వదిలాను. చిన్నత్తమ్మకు గుర్తొస్తే ఫోను చేస్తానంది. ఆ పేజీ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి కూడా వెళ్ళి చూపించాను. ఈసారి ఆమె చివరిదాకా చదివింది. మా అమ్మాయికి ఇప్పుడు ఏ కాయమూ వద్దు, కడుపు పూర్తిగా కుదుటపడనీ అంది. సరేనన్నాను. ఎడమ పక్క పేజీలో ఆ మాట రాసుకున్నాను.

మీ ఇంట్లో అత్తమ్మో, అమ్మమ్మో, నాయనమ్మో ఉండే ఉంటారు. ఈ ఆదివారం పనులన్నీ అయ్యాక, ఒక నోటుబుక్కు, ఒక త్రాసు తీసుకుని వాళ్ళ పక్కన కూర్చోండి. పిడికెడు తీయమనండి. ఎంత తూగిందో నాకు ఉత్తరం రాయండి.

పై వారం తప్పకుండా పచ్చళ్ళ జాడీలే. అంతవరకు సెలవు.